ఒక్క సాయంత్రంలో ఒక చిన్న పాయింట్ అండ్ క్లిక్ గేమ్ ఆడడం ఎలా

బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర బస్సు దిగి, దారిలో పాలు, కూరగాయలు పట్టుకుని ఇంటికి చేరేసరికి నాకు ఎనిమిది దాటుతుంది. వాన పడిన రోజైతే తొమ్మిది. తిని, గిన్నెలు కడిగి కూర్చుంటే పడుకునేలోపు చేతిలో ఉండేది ఓ గంటన్నర. ఆ గంటన్నరలో పెద్ద గేమ్ ఏదైనా తెరిస్తే పోయినవారం ఎక్కడ ఆపానో, ఏ బటన్ దేనికో గుర్తు తెచ్చుకోవడానికే అరగంట పోతుంది. అందుకే కొన్నేళ్ళుగా ఆ టైమ్‌లో చిన్న చిన్న పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేములే ఆడుతున్నాను, అవి కూడా ఎక్కువగా పాత కంప్యూటర్ల నాటి బొమ్మల్లాగా చుక్కలు చుక్కలుగా కనిపించేవి. కూర్చున్నాక మొదలై, లేచేలోపు అయిపోతాయి. ఆఫీసులో మనవాళ్ళకి చెబితే ఒకరిద్దరు డౌన్‌లోడ్ చేసుకుని, పది నిమిషాలు అటూ ఇటూ క్లిక్ చేసి, "ఏం చేయాలో అర్థం కాలేదు, బోర్ కొట్టింది" అని తీసేశారు. తప్పు గేమ్‌ది కాదు, వాళ్ళదీ కాదు. వీటిని ఆడే పద్ధతి వేరు, అది పక్కన కూర్చుని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

తెర మీద ఒక గది బొమ్మ ఉంటుంది. అందులో మన మనిషి ఒకడు. మౌస్‌తో ఎక్కడ నొక్కితే అక్కడికి నడుస్తాడు. వస్తువులు చూస్తాడు, దొరికినవి సంచిలో వేసుకుంటాడు, ఎదురైన వాళ్ళతో మాట్లాడతాడు, ఒకచోట తీసుకున్నది ఇంకోచోట వాడతాడు. అంతే. కాల్పులుండవు, టైమర్ ఉండదు, చేతివేగం అక్కర్లేదు. మొదట్లో ఇవి టైప్ చేసి ఆడే గేములు. 1984లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్‌లో రాజుగారి మనిషి తెర మీద నడుస్తాడు కానీ, ఏ పని చేయాలన్నా ఇంగ్లిష్‌లో అక్షరాలు కొట్టాల్సిందే. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ చేసిన మేనియాక్ మాన్షన్‌లో తెర కింద క్రియాపదాల పట్టీ ఒకటి పెట్టారు: తెరువు, తీసుకో, ఇవ్వు, తొయ్యి. పదం నొక్కి, వస్తువు నొక్కితే పని జరిగిపోతుంది. ఆ గేమ్ కోసం తయారు చేసుకున్న స్కమ్ అనే సాధనంతోనే తర్వాత మంకీ ఐలాండ్ లాంటివన్నీ వచ్చాయి. ఇప్పటి చిన్న గేములు చాలావాటిలో ఆ పట్టీ కూడా ఉండదు, ఎడమ బటన్ నొక్కితే పని, కుడి బటన్ నొక్కితే చూడడం.

ఆ చుక్కల బొమ్మల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అవి చూసి చాలామంది మొహం తిప్పుకుంటారు. ఆనాటి గేములు 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు ఉన్న తెర మీద, 16 రంగులతో గీసినవి. మనిషి మొహం అంటే నాలుగైదు చుక్కలు. మా అమ్మ వాటిని చూడగానే "ముగ్గు మాదిరి ఉంది" అంది, అంతకంటే సరైన మాట నాకు ఎక్కడా దొరకలేదు. సంక్రాంతికి వాకిట్లో పదిహేను చుక్కలు పెట్టి కలిపితే తామరపువ్వు కనిపిస్తుంది కదా, అసలు పువ్వులో ఉన్నవన్నీ అందులో లేకపోయినా. చూసేవాళ్ళ కన్నే మిగతాది నింపుకుంటుంది. ఈ బొమ్మలూ అంతే. ఇంకో లాభం ఏమిటంటే, ఒక్కరు లేదా ఇద్దరు కూర్చుని కొన్ని నెలల్లో, ఒక్కోసారి కొన్ని వారాల్లో గేమ్ మొత్తం గీసేయగలరు. అలా ఒకరిద్దరు చేసినవి కాబట్టే ఆ మనిషి ఏం చెప్పదలచుకున్నాడో మనకి నేరుగా చేరుతుంది, మంచి చిన్న కథ చదివినట్టు ఉంటుంది.

ఎంచుకోవడం

మొదటిసారికి అరగంట నుంచి రెండు గంటల్లో అయిపోయేదే తీసుకోండి. పేరున్నది కదా అని ఇరవై గంటల గేమ్‌తో మొదలుపెట్టొద్దు. గేములు దొరికే సైట్లు స్టీమ్‌లో, ఇచ్.ఐఓలో పాయింట్ అండ్ క్లిక్ అనే ట్యాగ్ కొట్టి వెతికితే బోలెడు వస్తాయి. ఇచ్.ఐఓలో చాలావాటికి మనకి తోచినంత ఇవ్వొచ్చు, ముందు ఊరికే ఆడి తర్వాత ఇచ్చినా ఫర్వాలేదు, కానీ నచ్చితే మాత్రం తప్పకుండా ఇవ్వండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. పెద్ద గేములకి అది మంచి ఏర్పాటే. గంటలో పూర్తయ్యే గేమ్‌ని చివరిదాకా ఆడేసి డబ్బు వెనక్కి అడగడం మాత్రం అన్యాయం. ఒక్కడే నెలల తరబడి కష్టపడి చేసిన పని అది.

నేను ఎవరికైనా మొదట చెప్పేది సమోరోస్ట్. 2003లో చెక్ దేశంలో యాకుబ్ ద్వోర్‌స్కీ చదువుకునే రోజుల్లో చేసిన గేమ్. తెల్ల బట్టల బుల్లి మనిషి తన బుల్లి గ్రహం వైపు ఇంకో రాయి దూసుకొస్తోందని దుర్భిణీలో చూసి, దాన్ని తప్పించడానికి బయల్దేరతాడు. ఒక్క మాట ఉండదు, కాబట్టి ఇంగ్లిష్ గొడవే లేదు, అరగంట చాలు. ఇది చుక్కల బొమ్మ కాదు, నాచు పట్టిన చెక్కల, రాళ్ళ ఫోటోలతో అతికించినది, కానీ చేయి అలవాటు కావడానికి దీన్ని మించింది లేదు. ఆ తర్వాత చుక్కల బొమ్మల రుచి తెలియాలంటే 2020లో వచ్చిన డెలోరెస్. ఊళ్ళో పత్రిక కోసం ఒకమ్మాయి ఫోటోలు తీస్తూ తిరుగుతుంది, పైసా ఖర్చు లేదు. కథ బరువుగా ఉండాలనుకుంటే డేవ్ గిల్బర్ట్ చేసిన ద షివా. న్యూయార్క్‌లో ఒక యూదు గురువు, ఆయన ప్రార్థనామందిరానికి వచ్చేవాళ్ళు తగ్గిపోతుంటారు, ఒకప్పుడు అక్కడికి వచ్చి వెళ్ళిపోయిన మనిషి హత్యకు గురై, తన డబ్బు ఈయన పేరున రాసిపోతాడు. సంభాషణల్లో ఎదుటివాళ్ళ ప్రశ్నకి ప్రశ్నతోనే జవాబిచ్చే వీలు ఒకటి ఉంటుంది, అది ఊరికే అలంకారం కాదు, అవసరపడుతుంది. 2006లో ఒక నెలరోజుల పోటీ కోసం చేసిన గేమ్ అది. నెలరోజుల్లో అంత పని చేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అసలైన పాతవే ఆడాలనుంటే పాత గేముల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోండి. 2001 నుంచీ ఉంది, ఫోన్‌లో కూడా నడుస్తుంది. బినీత్ ఎ స్టీల్ స్కై, ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్ అనే రెండు గేముల్ని వాటి హక్కుదారులే ఉచితంగా వదిలేశారు, స్కమ్‌వీఎం సైట్‌లోనే దొరుకుతాయి. అవి పెద్దవి కాబట్టి ఒక సాయంత్రంలో అవ్వవు, నాలుగైదు వారాంతాలకి పెట్టుకోండి.

కూర్చోవడం

వీటికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. నాది ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, ఫ్యాన్ కూడా తిరగకుండా నడిచిపోతుంది. కానీ మౌస్ మాత్రం ఉండాలి. టచ్‌ప్యాడ్ మీద ఆడితే చేయి నొప్పి పుట్టి ఓపిక ముందే అయిపోతుంది, ఫోన్‌లో ఆడితే మన వేలే చిన్న వస్తువుని కప్పేస్తుంది. మెట్రోలో కాడుగోడి దాకా నిలబడి ఆడదామని నేను చూశాను, పనిచేయలేదు. ప్రతి స్టేషన్‌కీ తలెత్తాల్సి వస్తే గదిలో ఏ మూల ఏముందో మనసులో నిలవదు. లైట్ తగ్గించి, ఫోన్ పక్కగదిలో పెట్టి, ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చోండి. తలుపు మీద అంకెలు, గోడ మీద గుర్తులు, ఎవరైనా చెప్పిన పేర్లు రాసుకోవాలి. బొమ్మ పూర్తి తెరకి సాగదీస్తే చుక్కలు మసకబారతాయి కాబట్టి సెట్టింగ్స్‌లో చుక్కల్ని సరిగ్గా రెండింతలో మూడింతలో చేసే ఎంపిక ఉంటే అదే పెట్టుకోండి, చుట్టూ నల్ల అంచు వచ్చినా సరే.

ఆడడం, అంటే చూడడం

ఇక్కడే అందరూ తప్పు చేసేది. గదిలోకి అడుగుపెట్టగానే ఏం తీసుకోవాలా, తలుపెక్కడా అని చూస్తారు. అలా వద్దు. మొదటి రెండు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా, తెర మీద ఉన్న ప్రతిదాన్నీ 'చూడు' అన్న బటన్‌తో చూడండి. కిటికీ, క్యాలెండరు, చెత్తబుట్ట, గోడ మీద ఫోటో. ప్రతిదానికీ మన మనిషి ఒక మాట అంటాడు. ఆ మాటల్లో సగం కథ ఉంటుంది, మిగతా సగం చిక్కుముడికి ఆధారం. చెత్తబుట్ట చూసి "ఖాళీగా ఉంది" అంటే అది ఒక రకం, "నిన్నే ఖాళీ చేశారు" అంటే ఇంకో రకం. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు కూడా ప్రశ్నలన్నీ అడగండి, ఆ తర్వాత కొత్త వస్తువు ఏదైనా దొరికాక మళ్ళీ వెళ్ళి పలకరించండి, చాలాసార్లు కొత్త ప్రశ్న వచ్చి ఉంటుంది.

నాకు అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చిన పద్ధతి ఒకటుంది, అది పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. పోయిన ఏడాది మా అమ్మ మోకాళ్ళు చూపించుకోవడానికి మదనపల్లె నుంచి వచ్చి మూడు వారాలు నా దగ్గర ఉంది. ఒకరోజు సాయంత్రం పెద్ద వాన, కరెంటు పోయింది, టీవీ లేదు. లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది కదా అని మెషినేరియం తెరిచి అమ్మ పక్కన కూర్చున్నాను. 2009లో సమోరోస్ట్ వాళ్ళే చేసిన గేమ్, ఐదారు గంటలు పడుతుంది కాబట్టి చిన్నది కాదు, కానీ మొదటి రెండు దృశ్యాలు ఒక చిన్న గేమ్‌తో సమానం. పాతసామాన్ల గుట్ట మీద ముక్కలై పడి ఉన్న రోబోని ఏరి కలపాలి, తర్వాత వాడు ఊరి గేటు దగ్గరికి వస్తాడు. వంతెన అవతల పోలీసు రోబో కాపలా ఉంటాడు, వీణ్ణి లోపలికి రానివ్వడు. నేను ఇదివరకే ఆడాను కాబట్టి నోరు మూసుకుని మౌస్ పట్టుకున్నాను. అమ్మ కాసేపు చూసి అంది, "ఒరేయ్, ఆ కాపలావాని తలకాయ చూడు. టోపీ ఉంది వానికి. వీనికి లేదు."

"అయితే?"

"టోపీ పెట్టుకుంటే వాళ్ళ మనిషే అనుకుని పోనిస్తాడు. అదిగో, ఆ కింద ఉండేది టోపీ మాదిరే ఉంది కదరా."

"అది రోడ్డు మీద పెట్టే కోనమ్మా."

"ఏదైతే ఏంరా, రంగు మార్చితే సరి."

అదే జవాబు. కోన్‌కి నీలం రంగు వేసి, పైన బల్బు పెట్టి, టోపీలా తగిలించుకుంటే వంతెన దిగుతుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు దీనికి నలభై నిమిషాలు పట్టింది, అమ్మకి పది కూడా పట్టలేదు. ఎందుకంటే ఆమె ఏది ఎక్కడ నొక్కాలి అని చూడలేదు, వాడెవడు, వీడెవడు, ఏం తేడా అని చూసింది. పైగా చూసింది చూసినట్టు బయటికి చెప్పింది. అప్పటినుంచీ నేను ఒంటరిగా ఆడినా సరే, గదిలో కనిపించేవన్నీ గట్టిగా తెలుగులో చెప్పుకుంటాను. ఇంగ్లిష్ మాటలున్న గేమ్ అయితే ప్రతి డైలాగూ పక్కవాళ్ళకి తెలుగులో చెప్పినట్టు చెప్పుకుంటాను. చదువుకుంటూ పోతే కళ్ళు జారిపోయే మాట తెలుగులోకి తేవాలంటే ఒక క్షణం ఆగాలి, ఆధారం ఆ ఆగినచోటే దొరుకుతుంది. వీలైతే నిజంగానే ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. మౌస్ ఒకరి చేతిలో, మాట ఇంకొకరిది. గేములు రానివాళ్ళే దీనికి మంచి జోడీ.

ఆగిపోయినప్పుడు

ఆగిపోతారు, అది ఖాయం. టెన్షన్ పడొద్దు. మంచి చిక్కుముడి పొడుపుకథ లాంటిది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని అడిగితే తెలియనప్పుడు ఎంత గింజుకున్నా, కనురెప్పలు అని చెప్పగానే అవును కదా అనిపిస్తుంది. జవాబు మొదటినుంచీ మన మొహం మీదే ఉంది. మెషినేరియంలో కోన్ అలాంటిదే, టోపీ నమూనా పోలీసు తల మీదే ఉంది.

గేములు చేసేవాళ్ళందరూ ఇంత న్యాయంగా ఉండరు. 1999 నాటి గాబ్రియేల్ నైట్ 3లో ఒకడి వేషం వేసుకోవడానికి పిల్లి వెంట్రుకలతో మీసం చేసుకోవాలి, తమాషా ఏమిటంటే ఆ అసలు మనిషికి మీసమే లేదు, పాస్‌పోర్టు ఫోటో మీద కూడా మీసం గీయాలి. అడ్వెంచర్ గేములంటే పడనివాళ్ళు ఇప్పటికీ దాన్నే ఉదాహరణ చెబుతారు. మనకి మాత్రమే తగిలే దెబ్బ ఇంకోటుంది, భాషది. 1991లో వచ్చిన మంకీ ఐలాండ్ రెండో భాగంలో జలపాతం నీళ్ళు ఆపడానికి బోల్టు తిప్పాలి, దానికి జేబులో ఉన్న కోతిని వాడాలి. ఎందుకంటే అమెరికాలో ఒక రకం పానాని మంకీ రెంచ్ అంటారు. మనం పానా అంటాం, మెకానిక్ షెడ్‌లో స్పానర్ అంటారు, కోతికీ దానికీ ఏం సంబంధమో జన్మలో తట్టదు. స్పానర్ అనే బ్రిటన్ వాళ్ళకీ తట్టలేదు. ఇలాంటిచోట సాయం తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కానీ సాయం తీసుకునే వరుస ఒకటుంది. ముందు లేచి మంచినీళ్ళు తాగి రండి, నిజంగా, సగం సార్లు వంటింట్లోనే తడుతుంది. తర్వాత గదులన్నీ ఒకసారి చుట్టి రండి, సంచిలో ఉన్న ప్రతి వస్తువునీ మళ్ళీ 'చూడు'తో చూడండి. బొమ్మలో నాలుగు చుక్కల వస్తువు కంటికి ఆనకపోయి ఉండొచ్చు కాబట్టి మౌస్‌ని మెల్లగా అంచుల వెంట తిప్పండి, కొన్ని గేముల్లో ఒక మీట నొక్కితే ముట్టుకోదగ్గవన్నీ మెరుస్తాయి, దాన్ని వాడుకోండి. పావుగంట ఇలా గడిచినా కదలకపోతే అప్పుడు హింట్ చూడండి, మొదటినుంచి చివరిదాకా జవాబులన్నీ రాసిపెట్టే వాక్‌త్రూ కాదు. వాక్‌త్రూ తెరిస్తే కన్ను రెండు లైన్లు కిందికి పోయి, అడగని జవాబులు కూడా చదివేస్తుంది. యూనివర్సల్ హింట్ సిస్టమ్ అని 1988 నుంచి ఒకటి నడుస్తోంది, అందులో ఒక్కో క్లిక్‌కి ఒక్కో సూచన, మొదటిది మామూలుగా, చివరిది మాత్రమే నేరుగా జవాబు. మెషినేరియం వాళ్ళు ఇంకా ముచ్చటగా చేశారు, జవాబుల పుస్తకం తాళం తీయాలంటే ముందు ఒక చిన్న ఆట ఆడి గెలవాలి. ఆ ఆట కావాలనే విసుగు పుట్టిస్తుంది, దానికంటే ఇంకాస్త ఆలోచిద్దాం అనిపిస్తుంది.

సేవ్ చేయడం మరిచిపోవద్దు. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే గేములు తయారుచేసే ప్రోగ్రామ్‌తో చేసిన చిన్న గేములు చాలావాటిలో ఎఫ్5 నొక్కితే సేవ్, ఎఫ్7 నొక్కితే తిరిగి తెరవడం. స్కమ్‌వీఎంలో కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే మెనూ వస్తుంది, సేవ్ అందులో ఉంటుంది. కొత్త చిన్న గేముల్లో చచ్చిపోవడం అరుదు. 80ల నాటి సియెర్రా కంపెనీ గేములైతే వేరే పేర్లతో నాలుగైదు సేవ్‌లు ఉంచుకోండి, మొదటి అరగంటలో తీసుకోవాల్సిన వస్తువు వదిలేస్తే చివర్లో దారి మూసుకుపోతుంది, ఆ విషయం మనకి చెప్పరు కూడా. 1989లో రాన్ గిల్బర్ట్ దీని మీదే ఒక వ్యాసం రాసి, ఆటగాణ్ణి అలా శిక్షించకూడదన్నాడు. మరుసటి ఏడాది తను చేసిన మంకీ ఐలాండ్‌లో హీరో చచ్చేది ఒకే ఒక్క చోట, అది కూడా నీళ్ళలో పది నిమిషాలు ఊరికే నిలబడితే. పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని వాడు ముందే చెప్పి ఉంటాడు.

నాలుగైదు ఆడాక

ఆడుతుంటే మీకూ ఒక గది గీయాలనిపిస్తుంది. గీయండి. అడ్వెంచర్ గేమ్ స్టూడియో ఉచితం, క్రిస్ జోన్స్ 1997లో మొదలుపెట్టింది, ద షివా దానితోనే చేశారు. ఒక గది, మూడు వస్తువులు, ఒక తాళం, అంతకుమించి మొదట్లో పెట్టుకోవద్దు. తాళం ఎందుకు వేసి ఉందో, చెవి అక్కడే ఎందుకు ఉందో కథలో కారణం ఉండాలి, ఊరికే దాచిపెట్టినట్టు ఉండకూడదు.

నేను గీస్తున్నది మదనపల్లెలో మా వంటిల్లు. బీరువా తాళంచెవి అమ్మ ఎప్పుడూ పప్పుడబ్బాలో వేస్తుంది, దొంగలు అక్కడ వెతకరని ఆమె నమ్మకం. గేమ్‌లో కుర్రాడు ఆ చెవి సంపాదించాలి. దారి ఏమిటంటే, చారుకి పప్పు ఉడకబెట్టాలని వాడు పని కల్పించుకోవాలి. గది బొమ్మ వరకు పూర్తయ్యాక పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "కందిపప్పు డబ్బా పైఅరలో ఎందుకు పెట్టినావురా, అది కింద కదా, బియ్యం పక్కన" అంది. ఈ వారం ఆ అర మళ్ళీ గీయాలి.